నడుము దాకా ప్రవేశం

రాష్ట్రంలో పెద్ద గుహలన్నీ ఎవరో ఒకరు ఎప్పుడో చూసేశారు. వాటికి టికెట్లు పెట్టడం, లోపల రంగురంగుల దీపాలు వేయడం, మెట్ల దగ్గర మొక్కజొన్న కంకులు అమ్మించడం కూడా అయిపోయింది. ఇక కొత్తగా చేయడానికి ఏమీ మిగల్లేదని ప్రభుత్వం దిగులుపడుతున్న రోజుల్లో, ఒక పెద్దాయన విదేశాల్లో ఏదో చిన్న కన్నంలోకి దూరి బయటికి వచ్చి, తన జీవితంలో అంతటి అనుభవం మరొకటి లేదని విలేకరులకు చెప్పాడు. ఆ వార్త వచ్చిన కొద్ది రోజులకే మాకు భూగర్భ వారసత్వ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 'మన బిలం, మన బలం' అనే కార్యక్రమం మొదలైంది. ఇంతవరకు ఎవరూ అడుగుపెట్టని చిన్న గుహల ముఖాలను వెతికి, కొలిచి, ఫొటో తీసి నమోదు చేయాలని ప్రతి మండలానికీ లక్ష్యం వచ్చింది.

కొండలున్న మండలాలకూ లేని మండలాలకూ లక్ష్యం ఒక్కటే. ఈ విషయంలో ప్రభుత్వం ఎవరికీ అన్యాయం చేయలేదు. సముద్రం ఒడ్డున ఒక మండలం వాళ్ళు పీతల బొరియలు పంపారు. డెల్టాలో ఇంకొకాయన పూడిపోయిన తూము ఫొటో తీసి, లోపల చీకటిగా ఉన్నందున గుహ కావచ్చునని రాశాడు. రెండూ ఆమోదం పొందాయి. తూము తాలూకు ఆయనకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు.

వెతికే పని మాకు అప్పగించారు. మేమంటే సర్కారు బడి పంతుళ్ళం. మనుషుల్ని లెక్కపెట్టాం, పశువుల్ని లెక్కపెట్టాం, ఓట్లు లెక్కపెట్టాం, మరుగుదొడ్లు లెక్కపెట్టాం. కన్నాలను మాత్రం ఎందుకు వదిలిపెట్టాలి. నా పేరు దస్తగిరి. నాపరాతి కొండల కింద ఉండే ఎర్రజర్ల కొట్టాల అనే చిన్న పల్లెలో నా బడి. ఒకే గది, ఒకే పంతులు. నేను కన్నాల వేటకు బయల్దేరితే బడికి తాళం పడుతుందని రాసి పంపాను. తాళం జాగ్రత్తగా పెట్టుకోవలసిందని జవాబు వచ్చింది.

జిల్లా కేంద్రంలో శిక్షణ ఇచ్చారు. ఇచ్చినాయన జిల్లా గుహా సమన్వయాధికారి పరాంకుశం గారు. ఆయన అంతకుముందు మత్స్యశాఖలో ఉండేవారు. చెరువులు ఎండిపోయిన జిల్లాలో చేపల పెంపకాన్ని ఏటా వృద్ధి చేసి చూపించిన మనిషి కనుక, ఇలాంటి పనికి ఆయనకంటే తగినవారు దొరకరు. భారీ విగ్రహం. ప్యాంటు బెల్టు పొట్ట పైన పెట్టుకోవాలో కింద పెట్టుకోవాలో తేల్చుకోలేక మధ్యలో పెట్టుకునేవారు.

"గుహాముఖము ప్రకృతిసిద్ధమై ఉండవలెను," అని ఆయన చదివారు. "వయోజనుడు ప్రవేశించుటకు అనువై ఉండవలెను. అయితే ఇంతవరకు ఎవరును ప్రవేశించి ఉండరాదు. ఇకమీదట ప్రవేశించరాదు. ప్రవేశించినచో అది అన్వేషింపబడిన గుహ అగును. అన్వేషింపబడిన గుహ మనకు పనికిరాదు."

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఎవరూ లోపలికి పోకుండానే పోవడానికి అనువుగా ఉందని ఎట్లా రాయాలి?"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "మాస్టారూ, మీరు సమస్యల పక్షాన నిలబడి మాట్లాడుతున్నారు. పరిష్కారాల పక్షానికి రండి."

పరిష్కారం తర్వాత సర్క్యులర్ రూపంలో వచ్చింది. శిరస్సు మొదలు నడుము వరకు ప్రవేశించుట ప్రవేశముగా పరిగణింపబడదు. నడుము దాటిన పిదప మాత్రమే సదరు వ్యక్తి అన్వేషకుడగును. కావున ప్రతి గుహాముఖమునందు ఒక అధికారి నడుము వరకు దూరి, లోపలి చీకటిని ఫొటో తీసి, వెనుకకు వచ్చి ధ్రువీకరించవలెను. ఆ నడుము గెజిటెడ్ హోదాకు తగ్గని అధికారిది అయి ఉండవలెను. ఫొటో తీయడానికి ఒక యాప్ కూడా ఇచ్చారు. మీట నొక్కీ నొక్కగానే ఫొటో నేరుగా రాజధానికి పోతుంది. పారదర్శకత కోసమని దాన్ని ఆపే మీట పెట్టలేదు.

మా కొట్టాలలో వెతకాల్సిన పని లేదు. కొండ వారన ఒక గవి ఉంది. గుహను అక్కడ గవి అనే అంటారు. దాని పేరు చెలిమ గవి. నేను టేపు పట్టుకుని అక్కడికి చేరేసరికి కన్నంలోంచి ముందు ఒక నూనె క్యాను బయటికి వచ్చింది. దాని నిండా నీళ్ళు. తర్వాత రెండు చేతులు, తల, భుజాలు, చివరికి సుంకులమ్మ మొత్తం బయటికి వచ్చి, చీర దులుపుకుని నన్ను చూసింది. ఆమె కూతురు రంగి మా బడిలో రెండో తరగతి.

"ఏంది సార్, నీల్లకొచ్చినావా?"

"కాదమ్మా. ఈ గవిలోకి ఎవరన్నా పోయినారా అని కనుక్కోవడానికి వచ్చినా."

ఆమె నన్నూ క్యానునూ కన్నాన్నీ మార్చి మార్చి చూసింది. "నేనిప్పుడే గదా సార్ బయటికొచ్చింది."

"నువ్వు కాకుండా?"

"ముందు మాయత్త దిగుతాండె. ఆయమ్మకు ఒళ్ళొచ్చి పట్టకుండా పోయినంక నేను దిగుతాండా. అంతకుముందు ఎవురో నాకేం తెలుసు. మా మామనడుగు."

ఆ గవి ఉన్నదే ఆ కొట్టాల కోసం. ఉగాది దాటితే అక్కడి బోరు గాలి తప్ప ఏమీ ఇవ్వదు. గవి లోపల మాత్రం రాతి తొట్టిలో ఎండాకాలమంతా నీరు ఊరుతూనే ఉంటుంది. కన్నం సన్నం కాబట్టి బిందె పట్టదు, బొద్దుగా ఉన్నవాళ్ళు పట్టరు. అందుకని ఊళ్ళో సన్నగా ఉన్న ఆడమనిషి ఒకరు లోపలికి దిగి క్యాన్లు నింపి అందిస్తుంటే, మిగిలినవాళ్ళు బయట వరసగా నిలబడి అందుకుంటారు. దిగిన మనిషి ఇంటి బిందె చివర నింపుకోవాలి. అది వాళ్ళ కట్టుబాటు.

నేను పరాంకుశం గారికి ఫోన్ చేసి, ఒక ఆడమనిషి రోజూ లోపలికి దిగుతోంది కనుక ఈ గవి మన లెక్కలోకి రాదని చెప్పాను.

"ఆమె లోనికి ఎందుకు వెళ్ళినట్లు?" అన్నారాయన.

"నీళ్ళకు సార్."

"అన్వేషించు నిమిత్తము కాదు గదా?"

"కాదు సార్, తాగు నిమిత్తము."

"మరి ఇంకేమి. ప్రవేశమునకు ఉద్దేశము ప్రధానము. ఉద్దేశము లేనివారు లోనికి వెళ్ళి వచ్చుచుందురు. దానిని ప్రవేశమనరు. పైగా ఆమె వెళ్ళినట్లు మీరు రాసినచో, అనధికార అన్వేషణ క్రింద ఆమెపై కేసు పెట్టవలసి వచ్చును. అది మీకు సమ్మతమేనా?"

ఎటు రాసినా ఆమె మెడకే చుట్టుకునేట్టుంది. ఎవరూ ప్రవేశించలేదని రాసి పంపాను. కేసు తప్పించానని నాలో నేను కాస్త సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం జీపు వచ్చేదాకా నిలిచింది.

జీపులో వెల్డింగు సామాను వచ్చింది. గుహ యొక్క అన్వేషింపబడని స్థితిని పరిరక్షించుటకై కన్నానికి ఇనుప తలుపు బిగించి, తాళం వేసి, తాళంచెవి జిల్లా కేంద్రానికి పట్టుకుపోయారు. పక్కనే బోర్డు పాతారు. 'ఈ గుహలో ఎవరును ప్రవేశించలేదు. ఇట్లే ఉంచుటకు సహకరించగలరు' అని దాని మీద ఉంది. తలుపు పైభాగాన మాత్రం చెయ్యి పట్టేంత సందు వదిలారు. అటవీశాఖ వాళ్ళు అభ్యంతరం చెబితే వదిలారట. గుహాంతర జీవుల రాకపోకలకు గాని, ఆహార పానీయములకు గాని అంతరాయము కలిగించరాదని వాళ్ళ చట్టంలో ఉంది. గుహాంతర జీవులంటే గబ్బిలాలు.

సుంకులమ్మ మామ మద్దిలేటి ఆ కొట్టాలకు పెద్దమనిషి. ఆయన్నీ ఆమెనూ వెంటబెట్టుకుని నేను పరాంకుశం గారి ఆఫీసుకు పోయాను. ఆయన మంచినీళ్ళు తెప్పించారు. గాజు గ్లాసుల మీద మూతలు కూడా ఉన్నాయి.

"సామీ, ఆ గవిలో మా నీల్లుండాయి," అన్నాడు మద్దిలేటి. "తలుపు తీపీండి."

"లోపల నీరు ఉన్నదని మీకెట్లు తెలియును?"

"తాగుతాండాం గదా సామీ."

పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "చూడు పెద్దాయనా. అన్వేషింపబడని గుహలో ఏమున్నదో ఎవరికీ తెలియదు. తెలిసినచో అది అన్వేషింపబడినట్లు. అన్వేషింపబడలేదని మేము ధ్రువీకరించి ఉన్నాము. కనుక లోపల నీరున్నదని నీవనుట నిరాధారము."

మద్దిలేటి నా మొహం చూశాడు. నాకు ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

"పోనీ ఒగ ట్యాంకరన్నా పంపీండి సామీ," అంది సుంకులమ్మ.

ట్యాంకరు తన పరిధిలోనిది కాదని, ఎదురు గదిలో నీటి సరఫరా అధికారిని అడగాలని ఆయన చెప్పారు. వరండా దాటి ఎదురు గదిలోకి పోయాం. ఆ అధికారి పాత కాగితాలు తిరగేసి, ఎర్రజర్ల కొట్టాలలో ఏడాది పొడుగునా ఊరే చెలిమ ఒకటి గుహలో ఉన్నట్టు తమ రికార్డులో స్పష్టంగా ఉందనీ, నీరున్న ఊరికి ట్యాంకరు పంపడం ప్రజాధనాన్ని దుర్వినియోగం చేయడమనీ అన్నాడు. ఒకే వరండాలో రెండు గదులు. ఈ గదిలో మా నీళ్ళు లేవు, ఆ గదిలో ఉన్నాయి. మధ్యలో మేం ముగ్గురం నిలబడ్డాం.

ఊరివాళ్ళు పాడుబడిన నాపరాతి గనిలో నిలిచిన నీళ్ళు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆకుపచ్చగా, నురగతో ఉండే నీళ్ళు. గుడ్డలో వడకట్టి కాచి తాగారు. అయినా బడిలో పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పడిపోయారు. రంగికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాం. బాటిల్లో నీళ్ళు చుక్కచుక్కగా ఆ పిల్ల చేతిలోకి ఎక్కుతుంటే సుంకులమ్మ కళ్ళార్పకుండా చూస్తూ కూర్చుంది. నేను ఆ పక్కనే కూర్చుని, గవి తలుపు తీయించమని ఒక అర్జీ రాశాను. సదరు అర్జీ గుహల సంరక్షణకు సంబంధించినది కానందున చర్య లేకుండా దాఖలు చేయడమైనదని జవాబు వచ్చింది.

రంగి కోలుకుని బడికి వచ్చేనాటికి సుంకులమ్మ రెండు మోచేతులూ చెక్కుకుపోయి ఉన్నాయి. భుజం మీద కూడా గీరుకున్న గాట్లు. ఏమైందని అడిగితే పొయ్యిలోకి కంపలు కొట్టుకొచ్చినానంది. రంగి చేతిలోని సీసాలో నీళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. నేను ఇంకేమీ అడగలేదు. ఆ ఊళ్ళో ఏదైనా అడిగి తెలుసుకుంటే దానికి తలుపు బిగిస్తారని అప్పటికి నాకు బాగా అర్థమైంది.

ఇంతలో నడుము ధ్రువీకరణ రోజు వచ్చింది.

షామియానా వేశారు. డప్పులు పెట్టించారు. కొబ్బరికాయ కొట్టారు. చల్లటి నీళ్ళ సీసాలు పెట్టెలకొద్దీ దిగాయి. వేదిక మీద ఉన్నవాళ్ళకు పంచారు. ఊరివాళ్ళు ఎండలో నిలబడి ఆ సీసాల వైపే చూస్తున్నారు. పరాంకుశం గారు మెడలో దండ తీసి నాకిచ్చి, ఫోన్ చేత పట్టుకుని, తలుపు తెరిపించి, కన్నం ముందు మోకాళ్ళ మీద వంగారు.

"మిత్రులారా, ఇది చారిత్రక క్షణము," అన్నారు. "ఈ బిలములోనికి మానవ నేత్రము ప్రసరించుట ఇదే ప్రథమము."

"ఇదేం మాటప్పా," అన్నాడు నా పక్కన మద్దిలేటి.

తల పోయింది. భుజాలు పోయాయి. పొట్ట దగ్గర కొంచెం సేపు తటపటాయించి అదీ పోయింది. సరిగ్గా నడుము దగ్గర ఆయన ఆగారు. సర్క్యులర్‌ను అంత నిక్కచ్చిగా పాటించిన అధికారిని నేను చూడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన వెనక్కి రావడం కోసం చూశాం. కాళ్ళు ఒకసారి కదిలాయి, మళ్ళీ కదిలాయి. తర్వాత ఊరికే తన్నుకోవడం మొదలుపెట్టాయి.

"మాస్టారూ," అని లోపలినుంచి గొంతు వచ్చింది. "నేను ధ్రువీకరించితిని. ఇక వెనుకకు లాగుడు."

లాగాం. ముందు బూట్లు వచ్చాయి, ఆయన రాలేదు. పోయేటప్పుడు బిగబట్టిన పొట్ట లోపలికి పోయాక వదులుకుని, రాతికి బిరడా మాదిరి బిగుసుకుంది. మద్దిలేటి కాళ్ళ దగ్గరికి వచ్చి వంగి చెప్పాడు.

"సామీ, లోపల గది మాదిరి ఉంటాది. ఎనక నుంచి ఒగ తోపు తోస్తాం. లోపల పడి, తిరుక్కొని, చేతులు బయటికి పెట్టు. రెండు చేతులూ పట్టుకొని లాగేస్తాం."

"వద్దు," అని గొంతు అరిచింది. "నేను నడుము దాటినచో ఇది అన్వేషింపబడిన గుహ అగును. జిల్లా లక్ష్యము ఒకటి తగ్గును. నన్ను లోనికి తోసినవారిపై క్రమశిక్షణా చర్యలు తీసుకొనబడును."

"నా మింద యాం చర్య తీసుకుంటాడు సార్ ఈయన?" అని మద్దిలేటి నన్నడిగాడు.

రాజధానిలో డైరెక్టరు గారికి నా ఫోన్లోంచి చెప్పాను. ఆయన న్యాయసలహాదారును కూడా లైన్లోకి తీసుకున్నారు. వాళ్ళు అడిగింది నేను పరాంకుశం గారి కాళ్ళకు చెప్పడం, కాళ్ళ వైపునుంచి వచ్చిన జవాబు మళ్ళీ వాళ్ళకు చెప్పడం.

"నాభి లోపల ఉన్నదా, వెలుపల ఉన్నదా?" అని న్యాయసలహాదారు అడిగాడు.

"సార్, మీ బొడ్డు ఎక్కడుందో అడుగుతున్నారు."

"తెలియుట లేదు," అంది గొంతు నీరసంగా. "స్పర్శ పోయినది."

నాభి స్థితి తేలేవరకు అధికారిని ముందుకు గాని వెనుకకు గాని కదల్చరాదని, ఒక కమిటీ వేస్తున్నామని డైరెక్టరు గారు చెప్పారు. కమిటీ విమానంలో బయల్దేరేట్టుగా లేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. రాయి కాగిపోతోంది. ఇనుప తలుపు అంచు ఆయన తొడలకు తగిలినప్పుడల్లా లోపల కేక వినిపించింది.

"దాహము," అంది గొంతు. "మాస్టారూ, నీళ్ళు."

పెట్టెల నిండా సీసాలున్నాయి. అన్నీ బయట ఉన్నాయి. ఆయన నోరు లోపల ఉంది. మధ్యలో ఆయనే అడ్డంగా ఉన్నారు. ఒక ఉద్యోగి సీసా మూత తీసి, ఏం చేయాలో తోచక, కాళ్ళ మీద కొంచెం పోశాడు. ఆ నీళ్ళు నేలమీద పడి ఇంకిపోతుంటే ఊరి ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు.

నేను వాళ్ళ వైపు తల తిప్పి చూస్తే గుంపులో సుంకులమ్మ కనిపించలేదు.

తర్వాత జరిగింది నాకు ఆమె చెప్పింది. కొండకు అవతలి వైపు ఉడుములు దూరే సందు ఒకటి ఉంది. ఊపిరి బిగబట్టి, మోచేతులు చెక్కుకుంటూ పాకితే గవిలోకి పోవచ్చు. ఒక చెంబు తప్ప ఏదీ పట్టదు. రంగి ఆసుపత్రి పాలైనప్పటినుంచి ఆమె ఆ దారిన పోయి రోజుకు ఒక చెంబు కూతురి కోసం తెచ్చుకుంటోంది. ఆ రోజు కూడా అలాగే పోయింది. తొట్టిలో చెంబు ముంచి, పరాంకుశం గారి తల వేలాడుతున్న చోటికి వచ్చి నిలబడింది.

ఎవరూ లేరని తాను సంతకం పెట్టిన చీకట్లో మనిషి మొహం కనబడేసరికి ఆయన బిక్కచచ్చిపోయారు. చేతిలో ఫోన్ మీట నొక్కుకుంది. వెలుగు ఒక్కసారి మెరిసింది. ఫొటో రాజధానికి పోయింది.

"ఎవరు నీవు?" అని అడిగారట.

"నేనే సామీ, సుంకులమ్మను. అప్పుడు ట్యాంకరడిగితి గదా. దా, తాగు."

తాగించింది. ఒక చెంబు చాలలేదు. మళ్ళీ ముంచుకొచ్చింది. కడుపు నిండాక ఆయన నడుము చుట్టూ రాతికి నీళ్ళు చల్లి, బంకమట్టి పూసి, నెత్తి మీద రెండు చేతులూ పెట్టి తోసింది. లాగమని ఆయన వేసిన కేకకు మేం ఇటునుంచి లాగాం. ఆయన తెగిన చొక్కా గుండీలతో, చాలా బురదతో సహా బయటికి వచ్చి పడ్డారు. డప్పులవాళ్ళు ఎందుకైనా మంచిదని వాయించారు.

ఆయన ఆమెకు కృతజ్ఞత చెబుతారేమోనని నేను ఎదురుచూశాను. లేచి కూర్చున్నాక ఆయన అన్న మొదటి మాట, "ఫొటో వెనుకకు తెప్పించుటకు వీలగునా?"

వీలు కాలేదు. కమిటీ మా మండలాఫీసులోనే కూర్చుంది. వాళ్ళ ముందు సమస్య స్పష్టంగా ఉంది. గుహలో ఎవరూ ప్రవేశించలేదని ధ్రువీకరణ ఉంది. గుహలో ఒక స్త్రీ నిలబడి ఉన్న ఫొటో ఉంది. నేను చేతులు కట్టుకుని ఒక మూల నిలబడి, ఉడుము సందు గురించి నోరు మెదపకుండా విన్నాను.

"ఆమె ప్రవేశించినదని ఒప్పుకొన్నచో ధ్రువీకరణ తప్పగును," అన్నారు డైరెక్టరు గారు. "ధ్రువీకరణ తప్పగుటకు వీలులేదు. ఇప్పటికే జాతీయ పురస్కారమునకు పంపి ఉన్నాము."

"ముఖద్వారమున నేనే ఉంటిని," అన్నారు పరాంకుశం గారు, నడుము మీద చెయ్యి వేసుకుని. "నన్ను దాటి ఈగ కూడా పోలేదు. ఇది నేను ప్రమాణపూర్వకముగా చెప్పగలను."

న్యాయసలహాదారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ప్రవేశించనిది లోపల ఉన్నదనగా, అది మొదటినుండియు లోపలనే ఉన్నదని అర్థము. తర్కమునకు వేరు మార్గము లేదు. గుహలో స్వతహాగా ఉండునవి గుహాంతర జీవులు. చట్టములో వాటికి షెడ్యూలు కలదు."

"ఆ షెడ్యూలులో ఏమున్నవి?" అని డైరెక్టరు గారు అడిగారు.

"ప్రస్తుతము గబ్బిలములు ఉన్నవి. చేర్చుటకు అవకాశము కలదు."

అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఎవరికీ ఏ నష్టమూ లేకుండా సంగతి తేలిపోయింది. ధ్రువీకరణ నిలబడింది, లక్ష్యం నిలబడింది, పరాంకుశం గారి నడుము కూడా కొద్ది రోజుల్లో నిలబడింది. అరుదైన గుహాంతర జీవి ఉనికిని కనుగొన్నందుకు ఆయనకు పదోన్నతి ఇవ్వాలని సిఫారసు చేశారు. ఆ సిఫారసు కిందనే ఇంకొక ఉత్తర్వు ఉంది. గుహాంతర జీవుల రాకపోకలకు, పానీయములకు అంతరాయము కలుగకుండ ప్రతిదినము ఉదయము, సాయంత్రము తలుపు తెరిచి ఉంచవలెను. షెడ్యూలులో నమోదైన జీవులను మాత్రమే అనుమతించవలెను. ఒక జీవి ఉన్నచోట దాని గుంపు ఉండుట సహజము కాన, తక్కినవాటిని కూడ స్థానిక ఉపాధ్యాయుడు గణన చేసి పంపవలెను.

తాళంచెవితో పాటు ఆ కాగితం నాకు ఇచ్చారు. నేను నేరుగా కొట్టాలకు వచ్చాను. సుంకులమ్మ ఇంటి ముందు చాటలో కందులు చెరుగుతోంది. మద్దిలేటి మంచం మీద ఉన్నాడు. చుట్టుపక్కలవాళ్ళు కూడా వచ్చి చేరారు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి, తర్వాత మామూలు మాటల్లో చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

"అంటే నేను గబ్బిలాయినా సార్?" అంది సుంకులమ్మ.

"కాగితం మీద."

"గబ్బిలాయి అయితే నీల్లు తెచ్చుకోనిస్తారా?"

"తెచ్చుకోనిస్తారు. అడ్డుకుంటే వాళ్ళకే శిక్ష."

"మనిషైతే?"

నేను కాగితం మడతపెట్టుకున్నాను. ఆమె కందులు రెండు సార్లు చెరిగి, చాట పక్కన పెట్టింది.

"అయితే ఊరోల్లందర్నీ రాసుకో సార్. మా మామను రాసుకో. మాయత్తను రాసుకో. మా ఇంటాయన పేరు నేను చెప్పగూడదు, మామా, నువ్వు చెప్పు."

మద్దిలేటి కొడుకు పేరు చెప్పాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వచ్చి తమ పేర్లు చెప్పుకున్నారు. కొందరు నవ్వుతూ చెప్పారు, ఇద్దరు ముసలివాళ్ళు ఇంటిపేరుతో సహా చెప్పారు. నేను రాస్తూ పోయాను. పెద్దవాళ్ళు అయిపోయాక, బడి హాజరు నాకు నోటికి వచ్చు కనుక, పిల్లల పేర్లు నేనే మొదలుపెట్టాను. రంగి పేరు మొదట రాశాను.

సుంకులమ్మ లేచి వచ్చి కాగితం మీదికి వంగింది. ఆమెకు చదువు రాదు గానీ, కూతురి పేరు మాత్రం పలక మీద చూసి గుర్తుపట్టడం నేర్చుకుంది.

"పిల్లోల్లను వద్దు సార్."

"రాయకపోతే వాళ్ళను గవి దగ్గరికి రానివ్వరమ్మా."

"రాకపోతే పాయె. మేం తెచ్చిన నీల్లు తాగుతార్లే," అంది ఆమె. "ఆల్లను మనుషుల్లోనే ఉండనీ."

నేను రంగి పేరు కొట్టేసి, కలానికి మూత పెట్టాను.